ముప్ఫై ఎనిమిది అంగుళాలు

మా ఊళ్లో జూన్ నుంచి నవంబరు దాకా ఎవరికీ జబ్బు చెయ్యదు. గాలి మంచిదనీ కాదు, నీళ్లు మంచివనీ కాదు. చెరకు మిల్లు ఆడుతుంటుంది, అంతే. మిల్లు ఆడినన్నాళ్లూ పన్ను సలిపితే లవంగం పెట్టుకుని నోరు మూసుకోవాలి, మోకాలు వాస్తే గుడ్డ చుట్టుకుని పొలానికి పోవాలి. పెళ్లిళ్లు, పిల్లలకి పేర్లు పెట్టడాలు, అన్నదమ్ముల తగాదాలు, అన్నిటికీ ఒకటే ముహూర్తం: "మిల్లు ఆగాక". ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చెరకు మీద బతికే ఊళ్లన్నిటికీ ఇదే పంచాంగం. "నిప్పు పెట్టిన చెరకు ఆగదు" అంటుండేవాడు మా నాన్న. కోతకు ముందు తోటకి నిప్పు పెట్టి ఆకు కాల్చేస్తాం. కాల్చిన చెరకు ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే పులిసిపోతుంది. మనిషి మాత్రం పులవడు, ఎన్నాళ్లయినా ఆగుతాడు అని మావాళ్ల నమ్మకం.

ఆ ఏడాది మా ఇంట్లో మిల్లు ఆగాక జరగాల్సిన పనుల్లో మొదటిది ఆసియా ప్రయాణం. సింగపూర్, బాంకాక్, హాంకాంగ్. డిసెంబరులో పద్దెనిమిది రోజులు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఊళ్లో బట్టల కొట్టులో పనిచేసేదాన్ని.

మా అమ్మ ఇర్మా అంతకుముందు ఆసియాని ఒక్కసారే చూసింది. ఇరవయ్యేళ్ల వయసులో ఇటలీ నుంచి ఓడలో వస్తుంటే, కొలంబోలో ఓడ ఒక పూట ఆగిందట. అందరూ దిగి ఊరు చూసొచ్చారు. అమ్మ వాంతులతో మంచం దిగలేక, గుండ్రటి కిటికీలోంచి ఒక కొబ్బరిచెట్టునీ, ఒక ఎర్రగొడుగునీ చూసింది. "ఆ గొడుగు కింద ఎవరున్నారో కనబడలేదే," అని పాతికేళ్ల తర్వాత కూడా చెప్పుకునేది. అందుకే కాబోలు, టిక్కెట్ల ఆఫీసువాళ్లు రంగుల పుస్తకం ఇచ్చిన రోజునే ఒక నోటుపుస్తకం కొని, ఎడమ పేజీల్లో చూడాల్సినవీ, కుడి పేజీల్లో కొనాల్సినవీ రాయడం మొదలుపెట్టింది. ఎడమవైపు నీళ్లమీద సంత, పడుకున్న బుద్ధుడు, కొండెక్కే బండి, సింగపూర్ ఆర్కిడ్ పూలతోట. కుడివైపు సగం ఊరు. పాదిరిగారికి మడిచే గొడుగు, పోస్టుమాస్టరు భార్యకి ముత్యాల దుద్దులు, పక్క పొలం బెర్టో బాబాయికి బైనాక్యులర్స్. ఆ బైనాక్యులర్స్‌తో ఏం చూస్తాడని అడిగితే, "నా పెళ్లాం ఎంత దూరంలో ఉందో చూసుకుంటా" అన్నాడు బాబాయ్.

జూన్‌లో, మిల్లు మొదలవడానికి ముందటి ఆదివారం, భోజనాలయ్యాక అమ్మ పుస్తకం తెరిచింది. బెర్టో బాబాయ్ కూడా ఉన్నాడు. ఆయనా నాన్నా ఒకే కోత మిషనుతో అయిదు పొలాలు కోసేవాళ్లు.

"బాంకాక్‌లో ఎంత చెప్పినా సగానికి అడగాలట. ముందు నవ్వాలట. తర్వాత వెళ్లిపోతున్నట్టు రెండడుగులెయ్యాలట," అని చదివింది అమ్మ.

"నీకు రాదులే," అన్నాడు నాన్న.

"ఎందుకు రాదు?"

నాన్న లేచి, భుజాన తువ్వాలేసుకుని, బల్లమీది ఉప్పు జాడీ రెండు చేతులా పట్టుకున్నాడు. "రండమ్మా రండి! రాజుగారి వంటింట్లో జాడీ. పది డాలర్లు."

అమ్మ నవ్వింది. రెండడుగులు వెనక్కేసింది. అక్కడ ఆగి, "పాపం, మీకెంత పడిందో ఏమో," అంది.

బెర్టో బాబాయికి కాఫీ కొరబోయింది. "వదినా, ఆ ఊరి కొట్లవాళ్లు నీ ఫొటోకి రోజూ కొవ్వొత్తి వెలిగిస్తారు!"

"అయిదు," అంది అమ్మ గబగబా.

"పన్నెండు," అన్నాడు నాన్న.

"సరే, పన్నెండు ఇస్తాలే."

నాన్న జాడీ బల్లమీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. ఆయన అంత నవ్వడం నేను చూసింది అదే ఆఖరు అనుకుంటాను. తర్వాత కూడా నవ్వాడు గానీ, పొట్ట పట్టుకుని నవ్వాడు. అది వేరే.

కుడి పేజీలో మొట్టమొదటి పేరు నాన్నది. కింద రెండు గీతలు. "ఎట్టోరే - సూటు - హాంకాంగ్." దానికి ఎదురుగా ఎడమ పేజీలో "ఫొటో స్టూడియో, ఇద్దరం" అని ఉంది. అమ్మ మిగిలినవన్నీ రాసుకున్నది ఈ రెండు ముక్కల కోసమే. అమ్మకి పెళ్లయింది ఇటలీలో. పెళ్లికొడుకేమో ఇక్కడ చెరకు కొడుతున్నాడు. ఆ రోజుల్లో మావాళ్లలో చాలామంది పెళ్లిళ్లు అంతే. చర్చిలో నాన్నకి బదులు ఆయన అన్న నిలబడి, పాదిరి అడిగినదానికి సరేనన్నాడు. మా ముందుగదిలో గోడకున్న పెళ్లి ఫొటోలో అమ్మ పక్కన నిలబడ్డది మా పెదనాన్న. నాన్న రేవులో అమ్మకి ఎదురెళ్లింది ఎవరిదో అరువు సూటులో. ఆ సాయంత్రమే దాన్ని తిరిగిచ్చేశాడు. ఫొటో తియ్యడానికి ఎవరూ లేరు.

హాంకాంగ్‌లో ఫంగ్ అనే దర్జీ ముందుగా కొలతలు పంపితే మనం వెళ్లేసరికి సూటు సిద్ధంగా ఉంచుతాడని టిక్కెట్ల ఆఫీసులో చెప్పారు. ఆ ఆదివారమే నా సంచిలోంచి టేపు తీయించింది అమ్మ. నాన్న దొంగ దొరికినట్టు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

"నడుం దగ్గర మాత్రం నిజం చెప్పకే," అన్నాడు నాతో.

"ముప్ఫై ఎనిమిది," అన్నాను.

"చెప్పొద్దన్నానా!"

అమ్మ పెన్సిలు నాలికమీద తడుపుకుని రాసింది. మర్నాడు మిల్లు కూత వేసింది.

ఆగస్టు దాకా నేనేమీ గమనించలేదు. గమనించి ఉండాల్సింది. పొద్దున్నే నాన్న పొలానికీ, నేను కొట్టుకీ, రాత్రికి అందరం మసిగొట్టుకుపోయి వచ్చి పడుకోవడం. చెరకు కాల్చే రోజుల్లో మసి గాల్లో తేలి ఆరేసిన దుప్పట్లమీద పడుతుంది. మావాళ్ల మొహాలెప్పుడూ నల్లగానే ఉంటాయి కాబట్టి ఎవడి మొహం పాలిపోయిందో తెలీదు. ఒకరోజు కొట్టుకి సెలవైతే పది గంటల టీ పట్టుకుని పొలానికి వెళ్లాను. బెర్టో బాబాయ్ మిషను మీద ఉన్నాడు. నాన్న గట్టు మీద కూర్చుని, అమ్మ కట్టిచ్చిన రొట్టె, సలామీ మాంసం ముక్క ముక్కా కుక్కకి పెడుతున్నాడు. నన్ను చూసి ఆఖరి ముక్క నోట్లో వేసుకున్నాడు. మింగడానికి చాలా సేపు పట్టింది.

"నాన్నా, ఏంటది?"

"కుక్క చిక్కిపోయింది."

కుక్క గుమ్మడికాయలా ఉంది. నా చూపు ఆయన బెల్టు మీద పడింది. అసలు చిల్లులు దాటి మేకుతో పొడిచిన చిల్లులు రెండు. బెల్టు కొస పక్కకి నాలికలా వేలాడుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏదో మంట. మిల్లు ఆగాక చూపించుకుంటాను."

"ఇవాళే వెళ్దాం. నేను బండి తీస్తాను."

"లిడియా," అన్నాడు. నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ. "డాక్టరు చూశాడంటే పట్నం పంపిస్తాడు. పట్నం వెళ్తే అక్కడే పెట్టేస్తారు. మీ అమ్మ ఆ పుస్తకం మూసేస్తుంది. మళ్లీ తెరవదు, నాకు తెలుసు. పాతికేళ్లుగా మా అన్న పక్కన నిలబడి ఉంది అది. నన్నడిగింది ఒక్క ఫొటో."

"ఫొటో ఎక్కడికి పోతుంది?"

"నాలుగు నెలలే కదే. నాలుగు నెలల్లో మునిగేదేముంది?" అని టీ తాగాడు. టీ దిగింది. దాంతో నాకూ ధైర్యం వచ్చింది. టీ తాగుతున్న మనిషికి ఏమవుతుంది అనుకున్నాను. నేనూ ఆ ఊరిదాన్నే కదా.

పది రోజులకి హాంకాంగ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఫంగ్ చాలా మర్యాదగా రాశాడు. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు ఇంకొకసారి తీసి పంపమన్నాడు, మనుషులు రెండు మూడు నెలల్లో కాస్త అటూ ఇటూ అవుతుంటారన్నాడు. అమ్మకి ఆ ఉత్తరం ఎంత నచ్చిందో! "చూశావా, ఎంత శ్రద్ధో. ఇక్కడివాళ్లయితే గోనెసంచి కుట్టి పారేస్తారు," అని నాన్నని వంటింట్లో నిలబెట్టింది. తను బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని, మాకు వీపు పెట్టి కూర్చుంది.

భుజాలు, చేతులు చెప్పాను. అవి ఎముకలు, మారవు. ఛాతీ దగ్గర టేపు కొంచెం వదులు పట్టుకుని చదివాను. నడుం చుట్టూ టేపు తిప్పాను. బొటనవేలు ముప్ఫై నాలుగు మీద ఆగింది.

తలెత్తి చూశాను. నాన్న నాకేసి చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు కూడా లేదు. ఊరికే చూస్తున్నాడు.

"ఎంత?" అంది అమ్మ.

"ముప్ఫై ఎనిమిది."

"ఒక్క గీత కూడా తేడా లేదు," అంది అమ్మ, రాసుకుంటూ. "నలభై ఎనిమిదేళ్ల మనిషి. బెర్టో పొట్ట చూడు, ఈయన్ని చూడు."

నేను టేపు చుట్టి సంచిలో పెట్టేశాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపాను.

సెప్టెంబరంతా అమ్మ పుస్తకం నిండుతూనే ఉంది. బజారులో ఎండకి టోపీ పెట్టుకోవాలా, గొడుగు పట్టుకోవాలా అని ఒక వారం చర్చ. ఎర్రగొడుగు కొనాలని తేలింది. పడవలో సంతకి పొద్దున్నే వెళ్తే మామిడిపళ్లు దొరుకుతాయట, మన పెరట్లో కాళ్లకి తగిలే మామిడిపళ్లకి అంతదూరం పోవాలా అని నాన్న ఎద్దేవా చేసేవాడు. అమ్మ వండే మొక్కజొన్న సంకటి, పొలెంటా అంటాం మేము, అదంటే ప్రాణం ఆయనకి. ఇప్పుడు గరిటెడు పెట్టించుకుని, కంచం అంచుల దాకా పరిచేవాడు, ఎక్కువ తిన్నట్టు కనబడాలని. అమ్మ రెండోసారి వడ్డించబోతే, "అక్కడ నూడుల్సు తినడానికి ఇప్పట్నుంచే పొట్ట ఖాళీ చేస్తున్నా" అనేవాడు. అమ్మ నమ్మేది. నమ్మాలని ఉన్న మనిషికి ఏ మాటయినా చాలు.

అక్టోబరులో పాస్‌పోర్టు ఫొటోలు వచ్చాయి. అమ్మ నాన్న ఫొటోని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"ఆ ఫొటోవాడు గుడ్డివాడా? బుగ్గలెక్కడికి పోయాయి?"

"దీపం పైనించి వేశాడు," అన్నాడు నాన్న.

"మా పుట్టింటివాళ్లు చూస్తే నేను తిండి పెట్టట్లేదనుకుంటారు. హాంకాంగ్‌లో ఇలాంటి స్టూడియోకి వెళ్లొద్దు, మంచిది వెతకాలి," అని పుస్తకంలో "మంచి" అని చేర్చింది. తర్వాత ఫొటో కింద పెట్టి, నా మొహం చూసింది. ఒక్క క్షణం. నేను కంచాలు తీస్తూ వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ క్షణంలో చెప్పి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పలేదు. ఇంకో ఆరు వారాలేగా అనుకున్నాను.

నవంబరు మొదటి వారంలో మా ఆఖరి మడికి నిప్పు పెట్టారు. సాయంత్రం, గాలి లేని పూట. మంటలు ఇంటి కప్పంత లేచి, పావుగంటలో చల్లారిపోయాయి. చల్లారాక నాన్న గట్టు మీద నుంచి తిరిగి రాలేదు. బెర్టో బాబాయ్ వెళ్లి చూస్తే నల్లటి చెరకు మొదళ్ల పక్కన ముడుచుకుని పడి ఉన్నాడు. బాబాయ్ ఆయన్ని రెండు చేతులమీదా ఎత్తుకొచ్చాడు. పొలం గేటు దాకా వచ్చి, అమ్మని చూసి, ఒకటే మాటన్నాడు. "వదినా, అన్నయ్య బరువే లేడు."

మర్నాడు మేం పట్నం ఆసుపత్రిలో ఉంటే, కాల్చిన చెరకు పులవకుండా బెర్టో బాబాయ్ తన వంతు వదులుకుని మా మడి కోశాడు. ఇంకో మూడు ఇళ్లవాళ్లు సాయం వచ్చారు. మా ఊరి మంచితనం అంతా అలాగే ఉంటుంది. చెరకుని ఆగనివ్వరు.

డాక్టరు కుర్రవాడు. నిలబడే మాట్లాడాడు. పొట్టలో మొదలై కాలేయం దాకా వెళ్లిందన్నాడు. కొయ్యడానికేమీ మిగల్లేదన్నాడు. "రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే మాట వేరు," అన్నాడు. అమ్మ వేళ్లు మడిచింది. నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు. నాలుగో వేలు పట్టుకుని ఆగిపోయింది.

"ఎన్నాళ్లుంటాడు?"

"రెండు వారాలు. ఇంకా తక్కువ కావచ్చు."

"నాలుగు," అంది అమ్మ.

డాక్టరుకి అర్థం కాలేదు. "అమ్మా, మా చేతుల్లో..."

"మూడు వారాలు. మిల్లు ఆగేదాకా. మూడు," అంది అమ్మ. నవ్వి, రెండడుగులు వేసి వెళ్లిపోయే బేరం కాదది. మంచం మీంచి నాన్న, "నేర్చుకున్నావే," అన్నాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ. నేను అంతకుముందే ఏడుస్తున్నాను.

ఇంటికి తెచ్చేశాం. అమ్మ ప్రయాణం రద్దు చేసింది. హాంకాంగ్‌కి మాత్రం తంతి ఇచ్చింది, సూటు విమానం పోస్టులో పంపమని. అది వచ్చేసరికి మూడో వారం జరుగుతోంది. ముదురు నీలం, లోపల పట్టు అస్తరు, జేబు మీద ఎట్టోరే అని తెల్లదారంతో కుట్టి ఉంది. ఫంగ్ ఒక చీటీ పెట్టాడు. కొలతలు రెండుసార్లూ ఒకటే వచ్చినందుకు సంతోషం, ఇంత నిలకడైన ఒళ్లు అరుదు అని.

అమ్మ ఆ చీటీ చదివి మడిచి పుస్తకంలో పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నాన్న తనే అడిగాడు. "వేసుకుంటాను. బెర్టోని కెమెరా తెమ్మను."

వరండాలో నిలబెట్టాం. ఆయన ఒక చేత్తో రెయిలింగు పట్టుకున్నాడు. సూటులో రెండో మనిషి పడతాడు. ప్యాంటు నా చేతుల్లోంచి జారిపోతుంటే అమ్మ, "గుండుసూదులు తే," అంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన వెనక మోకాళ్ల మీద కూర్చుంది. గుడ్డ గుప్పెళ్లతో వెనక్కి లాగి మడత మడతగా పిన్నులు పెట్టడం మొదలుపెట్టింది. నేను మడత పట్టుకుని ఉన్నాను. పెదాల మధ్య సూదులతోనే అడిగింది, తలెత్తకుండా.

"ఆగస్టులో ఎంత?"

చేతిలో మడత సరిచేశాను. "ముప్ఫై నాలుగు," అన్నాను చివరికి.

అమ్మ నోట్లోంచి ఇంకో సూది తీసి గుచ్చింది. దాని పక్కన ఇంకోటి.

"నేనే చెప్పొద్దన్నాను ఇర్మా," అన్నాడు నాన్న, ముందుకు చూస్తూనే. "దాన్నేం అనకు."

"నీతో మాట్లాడట్లేదు. కదలకు, గుచ్చుకుంటుంది."

ముందు నుంచి చూస్తే సూటు అచ్చుపోసినట్టుంది. అమ్మ గబగబా లోపలికెళ్లి ప్రయాణం కోసం కుట్టించుకున్న ఆకుపచ్చ గౌను వేసుకొచ్చింది. ఆయన చేతి కింద తన భుజం పెట్టి నిలబడింది, చెయ్యి వేసినట్టు కనబడాలని. బెర్టో బాబాయ్ కెమెరా ఎత్తాడు.

అప్పుడే కూత మొదలైంది. ఆ ఏటి ఆఖరి చెరకు మిల్లుకి చేరినప్పుడు అయిదు నిమిషాలు ఆపకుండా కూస్తుంది మిల్లు. దూరంగా కొబ్బరిమట్టలు కట్టిన చివరి చెరకు రైలుబండి, ఎవరో గిన్నెలు వాయిస్తున్నారు, ఊరంతా కేకలు. మేం నలుగురం కదలకుండా విన్నాం.

"మిల్లు ఆగింది," అన్నాడు నాన్న. "ఇర్మా, ఇక డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

బెర్టో బాబాయ్ కెమెరా దించేసి మొహం తిప్పుకున్నాడు.

"ముందు ఫొటో," అంది అమ్మ. "నిటారుగా నిలబడు. బెర్టో, ఇటు చూడు. తియ్యి."

తీశాడు. నాన్న ఆ తర్వాత ఆరు రోజులున్నాడు. అమ్మ ఆ ఆరు రోజుల్లో పిన్నులన్నీ తీసి, ఆ చోటల్లా చేత్తో కుట్టింది, ముప్ఫై అంగుళాలకి సరిగ్గా. ఆయన్ని పంపించినప్పుడు వెనకనుంచి చూసినా సూటు సరిపోయింది.

పెదనాన్నని గోడ మీంచి దింపేశాం. ఆ మేకుకే ఈ ఫొటో ఉంది. చూసినవాళ్లంతా హాంకాంగ్ దర్జీని మెచ్చుకుంటారు. అమ్మ కాదనదు. ఆసియా సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు అమ్మ. అని ఉంటే బాగుండేది.

కానీ ప్రతి ఏడూ జూన్‌లో, మిల్లు కూతకి ముందు ఆదివారం ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి, మమ్మల్ని వంటింట్లో వరసగా నిలబెడుతుంది. నన్ను, మా ఆయన్ని, మా పిల్లల్ని, గొణుక్కుంటూ వచ్చే బెర్టో బాబాయిని. పాదిరిగారి గొడుగూ, పోస్టుమాస్టరు భార్య దుద్దులూ రాసి ఉన్న ఆ పుస్తకంలోనే, కుడి పేజీల్లో మిగిలిన చోట రాస్తుంది. రెండు అంగుళాలు తగ్గినవాణ్ణి మర్నాడే బండెక్కిస్తుంది, కోత ఉన్నా సరే, తోట మండుతున్నా సరే. అలా ఒకసారి బెర్టో బాబాయ్ బతికిపోయాడు.

మొన్న ఆగస్టులో నా నడుం చుట్టూ టేపు తిప్పి, కళ్లద్దాలు పైకీ కిందకీ చేసుకుంటూ తంటాలు పడుతుంటే ఉండబట్టలేకపోయాను. "ఇలా ఇవ్వమ్మా, నేను చదివి చెప్తాను," అని చెయ్యి చాపాను.

"వద్దు. నువ్వు ఊరికే నిలబడు," అంది అమ్మ, నన్నే కిటికీ వైపు తిప్పుకుని.